రాతిగుంటలోని సముద్రము

(ముంబయిలోని తెలుగువారి సంఘ సభలో ఒక విశ్రాంత జంతుశాస్త్రోపన్యాసకుడు గావించిన ప్రసంగపాఠము)



ఈ సభలో మాటలాడుమని నన్ను కోరినపుడు కార్యదర్శిగారు, "మన భాషను గూర్చియో, మన పండుగలను గూర్చియో నాలుగు మాటలు చెప్పుడు" అనిరి. సముద్రమును గూర్చి చెప్పెదనంటిని. వారు కొంచెము తటపటాయించి, "మంచిదే; కాని అర్ధగంటలో ముగింపవలెను, తరువాత పిల్లల నాటకమున్నది" అని అంగీకరించిరి. కావున ఉపోద్ఘాతమును తగ్గించి విషయమునకు వచ్చుచున్నాను.

మనలో పెక్కురు వర్లీ, ప్రభాదేవి, నాయిగాము ప్రాంతములలో మూడు నాలుగు తరములుగ కాపురమున్నవారము. మన తాతలు నూలు మిల్లులలో సాంచాల యొద్ద పనిచేసిరి. వారికంటె ముందు తెలంగాణమునుండి వచ్చిన కామాఠీలు ఈ నగర నిర్మాణమునకు రాయి, మట్టి మోసిరి. కామాఠీపురమను పేరు వారివలన వచ్చినదే. ఏడు దీవుల మధ్యనున్న సముద్రమును పూడ్చి ఒక్క నగరముగ చేసిన కథ మీరందరు విన్నదే. ఇంతకాలము సముద్రపుటొడ్డున బ్రతికినాము. మన వాకిలినుండి అలల యొద్దకు ఇరువది నిముసముల నడక. పోయిన నెల మన ఆదివారపు తెలుగు తరగతికి పోయి, "నీరు వెనుకకు తగ్గినపుడు ఆ రాళ్ళమీదికి దిగి చూచినవారెవరు?" అని అడిగితిని. పదునేడుగురిలో ఇద్దరు చేతులెత్తిరి. అందులో ఒకడు క్రికెట్టు బంతి కొరకు దిగెనట.

పిల్లలను తప్పుపట్టుటకు ఈ మాట చెప్పలేదు. మొదటి తప్పు నాది. నేను విశాఖపట్టణమువైపు వాడను. విద్యార్థిగ నున్న దినములలో మమ్ములను మా అధ్యాపకులు వేకువనే తీరపు రాళ్ళ యొద్దకు తీసికొనిపోయెడివారు. అయితే ఎందులకు? ప్రతివాడును ఉలి, సుత్తి, సీసా పట్టుకొని పోయి, పరీక్షకు కావలసిన జీవుల నమూనాలను రాతినుండి ఊడబెరికి తెచ్చుటకు. ఏటేట ఒక తరగతి అట్లు పోయెడిది. తరువాత నేను ఈ నగరమునకు వచ్చి ఒక కళాశాలలో ముప్పది యేండ్లు జంతుశాస్త్రము బోధించితిని. ఫార్మలిన్ సీసాలలో తెల్లబడిపోయిన నక్షత్రచేపను, ముడుచుకొనిపోయిన సముద్రపుష్పమును చూపి, "దీని రంగు నారింజ, దీని చేతులు నీటిలో పూరేకులవలె విచ్చుకొనును" అని చెప్పి జీతము తీసికొంటిని. సజీవముగ నున్నవి కళాశాలకు ఒక మైలు దూరమున నుండెను. విద్యార్థులను ఒక్కమారైన అక్కడికి నడిపించుకొని పోలేదు. ఉద్యోగ విరమణ తరువాత, చేయుటకేమియు లేనపుడు, నేనే ఒంటరిగ పోయి చూచితిని. ఆ సాయంకాలము నాకు కలిగిన సిగ్గు ఈ ప్రసంగమునకు మూలము.

విషయమేమనగా: సముద్రమునకు దినమునకు రెండు పోట్లు, రెండు పాట్లు. నీరు మీదికి పొంగుట పోటు. వెనుకకు తీయుట పాటు. మన బెస్తవారి నోట నేటికిని ఈ రెండు మాటలున్నవి. చంద్రుడు మరల అదే స్థానమునకు వచ్చుటకు 24 గంటల 50 నిముసములు పట్టును గనుక పోటువేళ దినదినమునకు ముప్పావు గంటకు పైగ వెనుకబడుచుండును. పౌర్ణమి అమావాస్యలకు సూర్యచంద్రుల ఆకర్షణ యొక్కటై పోటు మిక్కిలి ఎత్తునకు లేచును, పాటు మిక్కిలి లోతునకు దిగును. అష్టమి దినములలో రెండును మందముగ నుండును. విశాఖలో పెద్ద పోటుకును పాటుకును గల తేడా సుమారు ఒకటిన్నర మీటరు. ముంబయిలో అది నాలుగు మీటర్లు దాటును. ఇచట పౌర్ణమి అమావాస్యలకు పోటు ఇంచుమించు మిట్టమధ్యాహ్నమునకు వచ్చును; అందుచేత పాటు ప్రాతఃకాలమునకును సాయంకాలమునకును దిగును. పంచాంగము చూడనేర్చిన గృహిణి ఎవరైనను ఈ లెక్కను వేయగలరు.

నీరు అంతగ తగ్గినపుడు నల్లని రాళ్ళు బయటపడును. అది సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిని కప్పిన లావా గడ్డకట్టి యేర్పడిన నల్లరాయి. దాని గుంటలలో, పగుళ్ళలో నీరు నిలిచిపోవును. అరచేతియంత గుంటయు నుండును, పెండ్లి పందిట గంగాళమంత గుంటయు నుండును. ఈ రాతిగుంటలే నేటి నా విషయము.

గుంట చూచుటకు నెమ్మదిగ నుండును. అందున్నవాని కష్టము మనకు తెలియదు. సముద్రము దానిని విడిచి పోయిన క్షణమునుండి అది పొయ్యిమీది పాత్రవంటిది. ఎండకు నీరు కాగును. ఆవిరియైనకొలది ఉప్పు పెరుగును. సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పుండగా, వేసవి మధ్యాహ్నము చిన్న గుంటలో అంతకు చాల మించును. తొలకరి జల్లు పడెనా, అదే గుంటలో నీరు నిముసములలో చప్పబడును. పగలు నాచు ప్రాణవాయువును విడుచుచుండుటచే నీట బుడగలు కనబడును. రాత్రి పాటు దిగినపుడు అదే నాచు ఊపిరి పీల్చుటచే లోనివారందరికిని ప్రాణవాయువు కరవగును. దినమునకు రెండుమారులు ఇట్టి వేసవి, వాన, కరవు చూచుచు బ్రతుకు జీవులవి. నత్త తన గుల్ల వాకిలిని మూతతో బిగించుకొని తడిని లోపల దాచుకొనును. గొడుగువంటి గుల్లగల నత్తలలో కొన్ని జాతులు పోటువేళ మేతకు పోయి, పాటు వేళకు సరిగ తమ చోటికే మరలి వచ్చును. గుల్ల అంచు ఆ రాతికి అతుకువలె కుదురును. రాతిమీద బియ్యపు పిండి చల్లినట్లు కనబడు తెల్లని చిన్న గుల్లలున్నవే, వానిని శాస్త్రజ్ఞులు బార్నకిల్ అందురు. అవి నత్తలు కావు, రొయ్యకు, పీతకు జ్ఞాతులు. తల రాతికి అంటించుకొని, కాళ్ళు పైకి పెట్టుకొని, ఆ కాళ్ళతో నీటిని చిలికి ఆహారమును నోటిలోనికి తోసికొనును. ఈ మాట చెప్పినపుడు మా మనుమరాలు, "తాతయ్యా, అయితే అది జీవితమంతయు శీర్షాసనములోనే ఉండునా?" అని అడిగెను. ముప్పది యేండ్ల బోధనలో నాకిట్టి చక్కని వర్ణన తట్టలేదు.

సన్యాసి పీతను గూర్చి ఒక మాట. దాని వెనుకభాగము మెత్తన, కవచము లేదు. కావున చచ్చిన నత్తల గుల్లలలో దూరి కాపురముండును. ఒళ్ళు పెరిగినకొలది పెద్ద గుల్లకు మారవలెను. అద్దె యిండ్ల కొరకు ఈ నగరములో మనము పడిన పాట్లు తెలిసినవారికి దాని అవస్థ వేరుగ చెప్పనక్కరలేదు. మనము సరదాకు జేబులో వేసికొని వచ్చి అలమారలో పెట్టు ప్రతి ఖాళీ గుల్లయు దానికి ఇల్లు.

ఈ గుంటలు పిల్లల వినోదమునకేనా, శాస్త్రమునకు పనికివచ్చునా యని అడుగువారుందురు. జీవశాస్త్రమునకు ఇంత చౌకగ, ఇంత స్పష్టముగ పాఠము చెప్పిన చోటు మరియొకటి లేదని నా అభిప్రాయము. అడవిలో ఒక ప్రయోగము ముగియుటకు మనుష్యుని ఆయువు చాలదు. రాతిమీద నాలుగైదేండ్లు చాలును. స్కాట్లండులోని కంబ్రే దీవి యొడ్డున జోసెఫ్ కానెల్ అను శాస్త్రజ్ఞుడు రెండు జాతుల బార్నకిళ్ళను పరిశీలించి 1961లో ఫలితములను ప్రకటించెను. ఒక జాతి ఎప్పుడును పైవరుసలో నుండును, రెండవది క్రిందివరుసలో నుండును. ఏల? ఆయన క్రిందిజాతిని కొన్ని చోట్ల గోకి తీసివేయగా, పైజాతి దిగి వచ్చి ఆ చోట సుఖముగ పెరిగెను. అనగా పైజాతికి క్రింద బ్రతుకుట చేతకాక కాదు; బలవంతుడు త్రోసివేయుటచే పైన నుండెను. క్రిందిజాతి పైకి పోలేకపోవుటకు మాత్రము ఎండయే కారణము. ఒక హద్దును ప్రకృతి గీచెను, మరియొక హద్దును ఇరుగుపొరుగువారు గీచిరి.

అంతకంటె విఖ్యాతమైనది రాబర్ట్ పేన్ చేసిన పని. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు పసిఫిక్ తీరమున, మకా బే అను చోట, 1963 మొదలు ఆయన చేసినది వినుటకు నవ్వు పుట్టించును. ఒక రాతిమీదనున్న నక్షత్రచేపల నన్నింటిని చేతితో పెరికి సముద్రములోనికి విసరివేయుట, మరల వచ్చినవానిని మరల విసరుట, అంతియే. ప్రక్కరాతిని మాత్రము అట్లే యుంచెను. నక్షత్రచేప అచట ఆల్చిప్పజాతి జీవులను తినునది. అది లేకపోగా ఆ చిప్పలు రాతినంతయు ఆక్రమించుకొని తక్కినవారికి నిలువ చోటు లేకుండ చేసెను. ఆ రాతిమీద 15 జాతులుండగా ఎనిమిదే మిగిలినట్లు 1966లో వ్రాసెను. కమాను నడినెత్తిన బిగించు రాయిని తీసినచో తక్కిన రాళ్ళన్నియు కూలును. అట్టి రాయివంటి జీవియని 1969లో దానికి కీలకజాతి యని పేరిడెను. ఈనాడు పులిని గూర్చి, ఏనుగును గూర్చి మాటలాడునపుడు కూడ ఆ మాటనే వాడుచున్నారు. ఆ మాట పుట్టినది రాతిగుంటల యొద్ద.

ఈ కథకు రెండవ భాగమున్నది. నేను మిమ్ములను ముఖ్యముగ వినుమని కోరునది అది. 2013లో అదే తీరమున నక్షత్రచేపలకు ఒక తెగులు పట్టెను. చేతులు ఊడి, ఒళ్ళు కరగి చచ్చిపోజొచ్చినవి. మెక్సికో మొదలు అలాస్కా వరకు, ఇరువదికి పైగ జాతులు. పొద్దుతిరుగుడు పూవువలె నుండు పెద్దజాతి నూటికి తొంబదికి పైగ నశించెను. ఆ జాతికి తెగులు తెచ్చినది ఒక సూక్ష్మజీవి యని 2025లో గాని నిర్ధారణ కాలేదు. ఇంత నష్టమని ఎట్లు చెప్పగలిగిరి? అంతకుముందు ఎన్ని యుండెనో వ్రాసి యుంచిరి గనుక. వ్రాసినవారిలో విశ్వవిద్యాలయముల వారే కాదు, స్వచ్ఛందముగ తీరమునకు పోయి లెక్కపెట్టిన గృహస్థులు, విద్యార్థులు ఉన్నారు. కాలిఫోర్నియాలో పాఠశాలల బాలబాలికలు రాతిమీద చదరపు చట్రమును పరచి, అందున్న జీవులను లెక్కించి నమోదుచేయు పథకమొకటి చాలకాలముగ నడచుచున్నది. చచ్చిన తరువాత లెక్కించుట ఎవరికైనను చేతనగును. బ్రతికియున్నపుడు లెక్కించినవారి పుస్తకమే సాక్ష్యమునకు నిలుచును.

మన యూరికి వత్తము. మెరీన్ డ్రైవు నుండి వర్లీ వరకు సముద్రపుటొడ్డున వేసిన క్రొత్త రహదారి మీద మీలో పలువురు ప్రయాణము చేసియుందురు. పని 2018లో మొదలయ్యెను. మొదటి భాగము 2024 మార్చిలో తెరచిరి. దాని కొరకు హాజీ అలీ, వర్లీ తీరములలో రాతినేలను చాలమేర పూడ్చిరి. 2019 జూలైలో బొంబాయి ఉన్నత న్యాయస్థానము ఆ పనికిచ్చిన తీర అనుమతిని కొట్టివేసెను. డిసెంబరులో సుప్రీము కోర్టు పనిని సాగింపనిచ్చెను. రహదారి మంచిదా చెడ్డదా యను వాదములోనికి నేను పోను. నేనును దానిమీద ప్రయాణము చేసితిని, సుఖముగనే యున్నది. ఆ వాదము జరిగిన దినములలో నగరమున చాలమంది, చదువుకొన్నవారు కూడ, "ముంబయి మురికి సముద్రములో పూడ్చుటకేమున్నది, బురద తప్ప?" అనిరి. నేనును అట్లే తలచియుందును, అదృష్టవశమున అప్పటికే ఆ రాళ్ళు చూచి యుండకపోయినచో.

2017లో కొందరు యువకులు మెరీన్ లైఫ్ ఆఫ్ ముంబై యను పేర ఒక పని మొదలుపెట్టిరి. వారు గిర్గాం చౌపాటి, హాజీ అలీ, జూహూ మొదలగు తీరములకు పాటువేళ ప్రజలను తీసికొనిపోయి, గుంటలలోని జీవులను చూపి, ఛాయాచిత్రములు తీసి, తేదీతో స్థలముతో అందరికి అందుబాటులోనుండునట్లు నమోదు చేయుచు వచ్చిరి. వందలకొలది జాతులు అట్లు గ్రంథస్థమైనవి. ఎనిమిది కాళ్ళ ఆక్టోపస్, రంగురంగుల గుల్లలేని నత్తలు, సముద్రపుష్పములు, తివాచీ పరచినట్లు రాతిని కప్పు జోయాంథిడ్ గుంపులు, వానితోపాటు సజీవమైన పగడములు. ఈ నగరపు నీటిలో పగడము! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద 2001లో పగడములను పులితో సమానముగ మొదటి షెడ్యూలులో చేర్చిరి. ఉన్నవని తెలిసిన తరువాత వానిని మట్టిక్రింద కప్పివేయుటకు వీలులేకపోయెను. 2020లో అనుమతి పొంది, జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ సలహాతో, హాజీ అలీ, వర్లీ తీరములనుండి 18 పగడపు సముదాయములను వేరొక చోటికి తరలించిరి. పదునెనిమిది సముదాయములు పెద్ద లెక్క కాదు. తరలించిన దానికిని పుట్టినచోట పెరుగు దానికిని తేడా యున్నది. అయినను, ఎవరును చూడక, ఎవరును వ్రాయకయున్నచో ఆ పదునెనిమిదియు లేకనేపోయెడివి. తక్కిన జీవులలో పెక్కింటికి షెడ్యూలు లేదు. అవి పోయిన లెక్క ఎవరి పద్దులోను లేదు.

ఇందు కోలీ సోదరులను మరచుట న్యాయము కాదు. ఈ తీరమునకు మొదటి హక్కుదారులు వారు. రాళ్ళలో ఏ గుంట ఎంత లోతో, ఏ మాసమున ఏ చిప్ప దొరకునో వారికి తెలిసినంత నా డిగ్రీలకు తెలియదు. ఒక సాయంకాలము నేను ఒక రాతిని తిరగవేసి క్రిందనున్న పీతపిల్లలను చూచి మురిసి, ముందుకు సాగితిని. చిప్పలు ఏరుకొనుచున్న ఒక కోలీ ముసలమ్మ వెనుకనుండి పిలచి మరాఠీలో, "పంతులూ, కప్పు తీసి పోవుచున్నావే, మరల ఎవరు వేయవలెను?" అనెను. నిజమే. రాతి క్రింద నీడలో, తడిలో బ్రతుకు జీవులు, పైభాగము క్రిందికి వచ్చినచో ఎండకు చచ్చును; పైన పెరిగిన నాచు నీడలో పడి చచ్చును. రెండు కుటుంబములు ఒక్క చేతివిసురులో నాశనమగును. ఆ పాఠము నాకు ఏ విశ్వవిద్యాలయమునను చెప్పలేదు.

విశ్వవిద్యాలయమన్నపుడు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తును స్మరింపకపోవుట కృతఘ్నత. 1950, 60 దశకములలో వాల్తేరున ఆచార్య పి. ఎన్. గణపతిగారును వారి శిష్యులును విశాఖతీరపు ఇసుకరేణువుల నడుమ నివసించు అతిసూక్ష్మ ప్రాణులను గూర్చి చేసిన పరిశోధన ఆ రంగమున మన దేశములో తొలి కృషిలో నొకటి. మనము వట్టి ఇసుక యని కాళ్ళక్రింద త్రొక్కుచు పోవు దానిలో ఒక లోకమున్నదని వారు చూపిరి. తెలుగు తీరమునుండి వచ్చిన శాస్త్రము అది. అయితే ఆ వ్యాసములన్నియు ఇంగ్లీషులో నుండెను. తీరమున వల లాగు తెలుగువానికి అవి చేరలేదు. చేరకపోవుట వారి తప్పు కాదు, మా తరువాతి అధ్యాపకుల తప్పు.

మన పత్రిక ఇతర రాష్ట్రములలోని సోదరులకు కూడ పోవును గనుక ఒక మాట. ఒరిస్సాలో, పూరీ గోపాలపురముల యొద్ద, గంజాం తీరమున తరతరములుగ నున్న నోళియాలు మనవారే. ఋషికుల్యా నదీముఖమున వేలకొలది తాబేళ్ళు ఒక్కసారిగ గ్రుడ్లు పెట్టుటను శాస్త్రజ్ఞులు 1994లో లోకమునకు తెలిపిరి గాని, తీరపు పల్లెలవారికి అది తాతలనాటి సంగతి. ఆ పల్లెల యువకులే ఇప్పుడు కావలి కాయుచున్నారు. తమిళదేశమున మన్నారు సింధుశాఖలో ఇండ్లకును సున్నపు బట్టీలకును పగడపు రాయిని ఏండ్ల తరబడి త్రవ్వగా, రెండు దీవులే నీట మునిగినవి. యానామువారికి నల్లరాయి లేదు. కాని కోరంగి మడ అడవి వారి గుమ్మములోనే యున్నది, అచట పాటువేళ బురదలో కనబడు పీతలను, నత్తలను లెక్కించుటకు ఈ చదరపు చట్రమే చాలును.

ఇక మన సంఘపు సంగతి. ఆదివారపు తరగతిలో నెలకొకమారు పిల్లలను రాళ్ళ యొద్దకు తీసికొనిపోవలెనని నేను కార్యవర్గమునకు వ్రాసితిని. పెద్దలు కొందరు ఆక్షేపించిరి. "వారమునకు ఒకటిన్నర గంట తెలుగు చెప్పుటకే చాలదు, అందులో పీతల వెంట తిరుగుటేల?" అని. వారి బాధ న్యాయమైనది. ఈ నగరములో తెలుగు బడులు మూతపడుచు వచ్చిన తీరు మనకందరకు తెలుసును. కాని నేను ఒక సంగతి గమనించితిని. మన పిల్లలకు మిగిలిన తెలుగు వంటయింటి తెలుగు: అన్నము, పప్పు, రా, పో, చాలు. పోటు, పాటు, నురుగు, నాచు, పాచి, గుల్ల, గవ్వ, ఆల్చిప్ప, ఎండ్రకాయ, రొయ్య, సుడి, ఒరపిడి: ఇన్ని మాటలను నల్లబల్ల మీద వ్రాసి వల్లింపజేసిన మరునాటికి మరతురు. తడిరాతిమీద కాలు జారబోయినపుడు "పాచి, జాగ్రత్త" యని విన్నవాడు మరువడు. మాటకు వస్తువు కావలెను. మాటలన్నియు పోయిన తరువాత వస్తువు పోవుట ఎవరికిని కనబడదు.

రెండవ ఆక్షేపణ నాకు నేనే చేసికొన్నది. వందమందిని తీసికొనిపోయి త్రొక్కించుట సంరక్షణ యగునా? కాదు. కాలిక్రింద నలుగు బార్నకిళ్ళు, నత్తపిల్లలు కంటికి కనబడవు. చూపవలెనను ఉత్సాహముతో చూడదగిన దానిని చెరచిన చోట్లు లోకములో చాలగలవు. అందుచేత పది పన్నెండుమందికి మించరాదు. ఒకే త్రోవన, వీలైనంతవరకు వట్టిరాతిమీదను ఇసుకమీదను నడువవలెను. ప్రతిమారు అదే మూడు గుంటలను చూడవలెను. దేనిని ఇంటికి తేరాదు, ఖాళీ గుల్లను కూడ. తిప్పిన రాతిని తిప్పినట్లే మరల పెట్టవలెను. శంకువు ఆకారపు అందమైన గుల్లను మాత్రము తాకనేరాదు. అందు కొన్ని జాతుల కాటు విషము, ప్రాణాపాయము. సముద్రమునకు వీపు పెట్టరాదు, పాటు ముగిసి నీరు మరలుట కనబడగానే, ఎవరెంత బ్రతిమాలినను, ఒడ్డునకు రావలెను. వానకాలపు నాలుగు మాసములు అసలు పోరాదు.

లెక్క ఎట్లు? పాత చీపురు పుల్లలు కాదు, వెదురు బద్దలతో అరమీటరు చదరపు చట్రము ఒకటి నేను కట్టి తెచ్చినాను. అదుగో, వేదిక ప్రక్కన నున్నది. దానిని గుంట అంచున ఒకే గుర్తుమీద పెట్టి, అందున్న నత్తలను, పీతలను, సముద్రపుష్పములను లెక్కించి, తేదీ, వేళ, ఎండయో మబ్బో వ్రాయవలెను. నోటుపుస్తకమున ఒక పుట తెలుగులో, ఎదుటి పుట మరాఠీలో. ఛాయాచిత్రములను పైన చెప్పిన మిత్రుల నమోదునకు పంపవచ్చును. ఒక సంవత్సరపు లెక్కతో ఏమియు తెలియదని ముందే చెప్పుచున్నాను. ఐదేండ్లకు కొంచెము తెలియును. నాకు డెబ్బదినాలుగు నడచుచున్నవి. కనుక పుస్తకము నా యొద్ద కాక సంఘపు బీరువాలో నుండవలెనని కోరుచున్నాను.

కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు. ఒక్క ప్రకటన. వచ్చు అమావాస్య మరునాటి సాయంకాలము నాలుగున్నరకు బాంద్రా తీరమున మొదటి నడక. పండ్రెండుమందికే చోటు; పేర్లను తెలుగు తరగతి పంతులమ్మగారి యొద్ద ఇవ్వవలెను. పదేండ్ల లోపువారితో తల్లియో తండ్రియో రావలెను. అడుగున పట్టున్న బూట్లు వేసికొని రండు, చెప్పులు వద్దు. త్రాగునీరు తెచ్చుకొనుడు. సంచులు, సీసాలు, గాలములు తేవద్దు. ఆ క్రికెట్టు బంతి కొరకు దిగిన పిల్లవాడు తప్పక రావలెను. త్రోవ తెలిసినవాడు మనలో వాడొక్కడే.